సెకండరీ క్యారెక్టరిస్టిక్ క్లాసులు, అంకగణిత రీమాన్–రోఖ్ సిద్ధాంతం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎమ్మెస్సీ చివర్లోనో పీహెచ్‌డీ మొదట్లోనో అరకెలోవ్ జ్యామితి (పూర్ణాంక సమీకరణాలను, కాంప్లెక్స్ సంఖ్యల వైపు మెట్రిక్కులు పెట్టి చూసే జ్యామితి) వైపు వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలివి. దశలవారీగా పేర్చాను. ఎక్కడి నుంచైనా మొదలుపెట్టవచ్చు. ఒక జవాబు అర్థం కావడానికి ఇంకోటి చదివి ఉండాల్సిన పని లేదు. ఫార్ములాలను వీలైనంతవరకు మాటల్లోనే చెప్పాను. ఈ విషయం దగ్గర చాలామంది ఆగిపోయేది గుర్తుల గందరగోళం వల్లే. లోపలున్న ఆలోచన అంత కష్టమైనది కాదు.

## మొదలుపెట్టే ముందు

అంకగణిత జ్యామితికీ మామూలు బీజీయ జ్యామితికీ తేడా ఏంటి?

బీజీయ జ్యామితిలో ఒక ఫీల్డ్ ఎంచుకుని, దాని మీద బహుపది సమీకరణాల సాధనలను ఆకారాలుగా చూస్తాం. అంకగణిత జ్యామితిలో గుణకాలు పూర్ణాంకాలు. కాబట్టి ఒకే సమీకరణాన్ని ఎన్నో చోట్ల చూడొచ్చు. ‘వై వర్గం = ఎక్స్ ఘనం − ఎక్స్’ తీసుకోండి. 3, 5, 7 ఇలా ఏ బేసి ప్రధాన సంఖ్య మాడ్యులో చూసినా అది నున్నటి ఎలిప్టిక్ కర్వ్. 2 మాడ్యులో మాత్రం ఒక సింగ్యులర్ బిందువు వస్తుంది. కాంప్లెక్స్ సంఖ్యల మీద అదే ఒక టోరస్. ఈ ఫైబర్లన్నిటినీ పూర్ణాంకాల మీద పరిచిన ఒకే వస్తువుగా చూడటమే అసలు మార్పు. అందుకే కర్వ్ నుంచి వచ్చినా దాన్ని అరిథ్మెటిక్ సర్ఫేస్ అంటారు. కర్వ్‌ది ఒక డైమెన్షన్, ప్రధాన సంఖ్యలది ఇంకో డైమెన్షన్.

‘అనంతం దగ్గరి ప్రైమ్’ అంటారు కదా, అది ఎందుకు కావాలి?

కాంపాక్ట్ రీమాన్ సర్ఫేస్ మీద ఏ మెరోమార్ఫిక్ ఫంక్షన్‌కైనా సున్నాలూ పోల్సూ సరిగ్గా సరిపోతాయి. అందుకే అక్కడ డిగ్రీ అనే మాటకు అర్థం ఉంది. పూర్ణాంకాల దగ్గరికి వచ్చి 12ను ఫంక్షన్ అనుకోండి. 2 దగ్గర దానికి రెండుసార్లు సున్నా, 3 దగ్గర ఒకసారి. వీటి బరువులు కూడితే 2 లాగ్ 2 + లాగ్ 3, అంటే లాగ్ 12. పోల్ ఎక్కడా లేదు, లెక్క తేలదు. మామూలు పరమమూల్యాన్ని కూడా ఒక ‘చోటు’గా లెక్కలోకి తీసుకుంటే అక్కడి నుంచి −లాగ్ 12 వచ్చి మొత్తం సున్నా అవుతుంది. గుణకారంలో రాస్తే 12 × 1/4 × 1/3 = 1. ఈ ప్రొడక్ట్ ఫార్ములా అన్ని అకరణీయ సంఖ్యలకూ పనిచేస్తుంది, సున్నాకు తప్ప.

అంటే ప్రధాన సంఖ్యల వరుస ఒక చివర తెరిచి ఉంది. దాన్ని మూసేది ఆ పరమమూల్యం. అనంతం దగ్గర నిజంగా ఫైబర్ అంటూ ఏదీ ఉండదు. దాని స్థానంలో కాంప్లెక్స్ మ్యానిఫోల్డ్‌నూ దాని మీది హెర్మిషియన్ మెట్రిక్కులనూ వాడతాం. అరిథ్మెటిక్ సర్ఫేసుల మీద ఖండన సిద్ధాంతాన్ని ఈ దారిలో 1974లో కట్టింది సురేన్ అరకెలోవ్.

మెట్రిక్ పెట్టిన బండిల్‌కి డిగ్రీ ఎలా లెక్కిస్తారు? చిన్న ఉదాహరణ ఇవ్వగలరా?

అన్నిటికన్నా చిన్నది: పూర్ణాంకాల మీద రాంక్ 1 ఉన్న ఫ్రీ మాడ్యూల్. ఒక జనరేటర్ తీసుకుని దాని పొడవు ‘ఆర్’ అని నిర్ణయిస్తే మెట్రిక్ పెట్టినట్టే. ఇప్పుడు సున్నా కాని ఏదో ఒక సెక్షన్ తీసుకోండి, జనరేటర్‌కి ‘ఎన్’ రెట్లు అనుకుందాం. డిగ్రీ నిర్వచనం: మాడ్యూల్‌ని ఆ సెక్షన్‌తో భాగిస్తే మిగిలే మూలకాల సంఖ్యకు లాగ్, అందులోంచి సెక్షన్ పొడవుకు లాగ్ తీసేయాలి. లాగ్ ఎన్ − లాగ్ (ఎన్ × ఆర్) = −లాగ్ ఆర్. ఎన్ మాయమైంది చూడండి. ఏ సెక్షన్ తీసుకున్నా ఇదే జవాబు, ఎందుకంటే వెనక ప్రొడక్ట్ ఫార్ములా ఉంది. ఇక్కడ డిగ్రీ పూర్ణాంకం కానక్కర్లేదు, ఏ వాస్తవ సంఖ్యైనా కావచ్చు. మెట్రిక్‌ను కాస్త కదిలిస్తే అదీ కదులుతుంది. అలవాటు పడటానికి కొంత సమయం పట్టే విషయం ఇదొక్కటే.

ఇది చదవడానికి ముందు ఏమేం వచ్చి ఉండాలి?

స్కీములు, షీఫ్ కోహోమాలజీ, చౌ గ్రూపుల పరిచయం ఒకవైపు. కాంప్లెక్స్ మ్యానిఫోల్డులు, హెర్మిషియన్ బండిళ్లు, కర్వేచర్, హాడ్జ్ సిద్ధాంతం ఇంకోవైపు. రెండూ పూర్తిగా వచ్చాకే మొదలుపెడతానంటే ఎప్పటికీ మొదలుపెట్టలేరు. నా సలహా: ఒకవైపు బలంగా ఉంటే చాలు, రెండోది దారిలో నేర్చుకోండి. హీట్ కెర్నెల్, ప్రాబబిలిస్టిక్ పద్ధతులు మొదటి రెండేళ్లూ అక్కర్లేదు. అనలిటిక్ టార్షన్ (లాప్లాసియన్ ఐగెన్‌వాల్యూల నుంచి వచ్చే ఒక సంఖ్య) మీద ఉన్న పెద్ద సిద్ధాంతాలు ఏం చెబుతున్నాయో చదివి, నిరూపణ చూడకుండానే వాడుకోవచ్చు.

## సెకండరీ క్లాసులు

ప్రైమరీ క్లాసు అంటే ఏంటి, సెకండరీ అంటే ఏంటి?

హోలోమార్ఫిక్ బండిల్ మీద హెర్మిషియన్ మెట్రిక్ పెడితే కర్వేచర్ వస్తుంది, దాని నుంచి చెర్న్ ఫారమ్‌లు వస్తాయి. మెట్రిక్ మారిస్తే ఫారమ్ మారుతుంది కానీ దాని కోహోమాలజీ క్లాసు మారదు. మారని ఆ క్లాసే ప్రైమరీ. టోపాలజీకి అంతే చాలు, అక్కడితో ఆగిపోతుంది.

క్లాసు మారలేదంటే రెండు ఫారమ్‌ల తేడా ఎగ్జాక్ట్ అని అర్థం. అంటే దేనికో అవకలనం. ఆ ‘దేనికో’ను మెట్రిక్కుల నుంచి ఒక నియమం ప్రకారం ఎంచుకుంటే వచ్చేదే సెకండరీ క్లాసు. రెండూ సమానమని చెప్పి వదిలేయకుండా, ఎలా సమానమయ్యాయో చూపే సాక్ష్యాన్ని కూడా దాచుకోవడం అన్నమాట. అంకగణిత జ్యామితిలో ఆ సాక్ష్యానికి ఇంటిగ్రల్ తీసుకుంటే వచ్చే సంఖ్యే చాలాసార్లు మనకు కావాల్సిన జవాబు. నన్నడిగితే ఈ మొత్తం సబ్జెక్టు ఆయువుపట్టు ఇదే.

బాట్–చెర్న్ క్లాసుని సరిగ్గా ఎలా నిర్వచిస్తారు?

రాఉల్ బాట్, షీంగ్-షెన్ చెర్న్ 1965లో దీన్ని ప్రవేశపెట్టారు. అప్పుడు వాళ్ల దృష్టి హోలోమార్ఫిక్ సెక్షన్ల సున్నాలు ఎలా పరుచుకుంటాయన్న దాని మీద ఉంది, సంఖ్యా సిద్ధాంతం (నంబర్ థియరీ) మీద కాదు.

కాంప్లెక్స్ మ్యానిఫోల్డ్ మీద ఒక షార్ట్ ఎగ్జాక్ట్ సీక్వెన్స్ తీసుకోండి: సబ్-బండిల్, మధ్య బండిల్, క్వోషంట్. మూడింటి మీదా మెట్రిక్కులు పెట్టండి, వాటి మధ్య సంబంధం ఉండాలన్న షరతేమీ లేదు. చెర్న్ క్యారెక్టర్ ఫారమ్‌లలో రెండు చివరల మొత్తానికీ మధ్యదానికీ తేడా ఉంటుంది. బాట్–చెర్న్ క్లాసు ఆ తేడాను ‘డీడీసీ’ అనే రెండో దర్జా ఆపరేటర్ కింద ఇచ్చే ఫారమ్. దాన్ని మూడు షరతులు ఒక్కటిగా నిర్ణయిస్తాయి. డీడీసీ సమీకరణం నిలవాలి. పుల్‌బ్యాక్‌తో పొసగాలి. సీక్వెన్స్ మెట్రిక్కులతో సహా విడిపోయి ఉంటే క్లాసు సున్నా కావాలి. ఉందని చూపడానికి ప్రొజెక్టివ్ లైన్‌ని పారామీటర్‌గా వాడి, మధ్య బండిల్‌ని మెల్లగా రెండు చివరల డైరెక్ట్ సమ్‌గా మార్చి, పారామీటర్ పరమమూల్య వర్గపు లాగ్‌తో గుణించి ఇంటిగ్రేట్ చేస్తారు.

ఫారమ్ అంటారు, మళ్లీ క్లాసు అంటారు. ఏది నిజం?

క్లాసే. ఒక నిర్దిష్టమైన ఫారమ్ రాయొచ్చు కానీ కట్టే పద్ధతి మారితే డెల్, డెల్-బార్ (అవకలనంలోని హోలోమార్ఫిక్, యాంటీ-హోలోమార్ఫిక్ భాగాలు) ఇమేజ్‌లలో ఉండే ముక్కల మేరకు అది మారుతుంది. ఆ ముక్కలను సున్నాగా లెక్కిస్తే అంతా ఒకటే. కాంపాక్ట్ మ్యానిఫోల్డ్ మీద క్లోజ్డ్ ఫారమ్‌తో గుణించి ఇంటిగ్రేట్ చేసినప్పుడు ఆ ముక్కలు స్టోక్స్ సిద్ధాంతం వల్ల ఎలాగూ పోతాయి. కాబట్టి చివర్లో వచ్చే సంఖ్యలకు ఏ ఇబ్బందీ లేదు.

లైన్ బండిల్‌కి ఇది ఎలా ఉంటుంది?

చాలా సులభం, అందుకే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఒకే లైన్ బండిల్ మీద రెండు మెట్రిక్కులు పెడితే వాటి పొడవు వర్గాల నిష్పత్తి ఒక ధన ఫంక్షన్. మొదటి చెర్న్ ఫారమ్ అంటే సెక్షన్ పొడవు వర్గపు లాగ్‌కి మైనస్ డీడీసీ. రెండు ఫారమ్‌లనూ తీసేస్తే సెక్షన్ పోయి, నిష్పత్తి లాగ్‌కి మైనస్ డీడీసీ మిగులుతుంది. కాబట్టి సెకండరీ క్లాసు ఆ నిష్పత్తి లాగ్‌కి మైనస్, అంతే. పొడవు వర్గాన్ని అన్నిచోట్లా ఒకే స్థిరాంకంతో గుణించారనుకోండి. చెర్న్ ఫారమ్ అసలు కదలదు, అయినా సెకండరీ క్లాసు సున్నా కాదు, ఆ స్థిరాంకపు లాగ్‌కి మైనస్. అరిథ్మెటిక్ డిగ్రీ సరిగ్గా అందులో సగం మేర మారుతుంది.

ఫారమ్‌ల తేడా సున్నా అయినా సెకండరీ క్లాసు సున్నా కాని అసలైన ఉదాహరణ ఏదైనా ఉందా?

ప్రొజెక్టివ్ లైన్ మీదే ఉంది, ఎంతో అందమైనది. రాంక్ 2 ట్రివియల్ బండిల్‌కి మామూలు యూక్లిడియన్ మెట్రిక్ పెట్టండి. అందులో ఓ(−1) సబ్-బండిల్, ఓ(1) క్వోషంట్. రెండింటికీ మధ్యదాని నుంచి వచ్చే మెట్రిక్కులే ఇవ్వండి, అవి ఫ్యూబినీ–స్టడీ మెట్రిక్కులు అవుతాయి. ఇప్పుడు రెండో చెర్న్ ఫారమ్ చూడండి. ట్రివియల్ బండిల్‌కి సున్నా. చివరల డైరెక్ట్ సమ్‌కి ఫ్యూబినీ–స్టడీ ఫారమ్ వర్గానికి మైనస్, అదీ సున్నానే, ఎందుకంటే కాంప్లెక్స్ డైమెన్షన్ 1 ఉన్నచోట (2,2) ఫారమ్‌కి చోటు లేదు. తేడా సున్నా.

అంకగణితంలో మాత్రం కథ వేరు. పూర్ణాంకాల మీది ప్రొజెక్టివ్ లైన్ డైమెన్షన్ 2. ట్రివియల్ బండిల్ రెండో అరిథ్మెటిక్ చెర్న్ క్లాసు సున్నా. డైరెక్ట్ సమ్‌ది ఓ(1) మొదటి అరిథ్మెటిక్ చెర్న్ క్లాసు వర్గానికి మైనస్, దాని డిగ్రీ −1/2. ఈ సగం మొత్తం బాట్–చెర్న్ క్లాసు నుంచే వచ్చింది. సీక్వెన్స్ హోలోమార్ఫిక్‌గా విడిపోదు. కర్వేచర్‌లో కనిపించని ఆ సంగతిని ఈ సంఖ్య పట్టుకుంది.

చెర్న్–సైమన్స్ క్లాసులు కూడా సెకండరీనే కదా? రెండూ ఒకటేనా?

ఒకే కుటుంబం, వేర్వేరు పనులు. చెర్న్, సైమన్స్ 1974లో ఇచ్చినవి రెండు కనెక్షన్ల మధ్య తేడాను ఒక్కసారి అవకలనం చేస్తే ఇచ్చే ఫారమ్‌లు, కాబట్టి బేసి డిగ్రీవి. వాటికి హోలోమార్ఫిక్ నిర్మాణం అక్కర్లేదు. బాట్–చెర్న్‌కి అది తప్పనిసరి. అక్కడ అవకలనం రెండుసార్లు జరుగుతుంది, కాబట్టి ఫారమ్ (పీ−1, పీ−1) రకంది.

అంకగణితానికి బాట్–చెర్న్ ఎందుకు నప్పిందో డైమెన్షన్ చెబుతుంది. కాంప్లెక్స్ ఫైబర్ డైమెన్షన్ ‘డీ’ అయితే పూర్ణాంకాల మీది వస్తువు డైమెన్షన్ డీ + 1. డిగ్రీ డీ + 1 క్లాసుకి సెకండరీ క్లాసు (డీ, డీ) ఫారమ్ అవుతుంది. కాంప్లెక్స్ ఫైబర్ మీద ఇంటిగ్రేట్ చేయడానికి సరిగ్గా కావాల్సింది అదే.

## అరిథ్మెటిక్ చౌ గ్రూపులు

అరిథ్మెటిక్ చౌ గ్రూపులో ఉండేవి ఏంటి?

జంటలు. ప్రతి జంటలో ఒకటి మామూలు బీజీయ సైకిల్, రెండోది దానికి సరిపడే గ్రీన్ కరెంట్ (కరెంట్ అంటే గుణకాలు డిస్ట్రిబ్యూషన్లు కాగల ఫారమ్). గ్రీన్ కరెంట్‌కి డీడీసీ తీసుకుని, కాంప్లెక్స్ బిందువుల మీది సైకిల్ డెల్టా కరెంట్‌ని కూడితే నున్నటి ఫారమ్ రావాలి. రేషనల్ ఫంక్షన్ డివైజర్‌కి, ఆ ఫంక్షన్ పరమమూల్య వర్గపు లాగ్‌కి మైనస్ జతచేస్తే వచ్చే జంటను సున్నాగా లెక్కిస్తారు. డెల్, డెల్-బార్ ఇమేజ్‌లలో ఉన్నవీ సున్నానే. సైకిల్ ఏమీ లేకుండా ఫారమ్ మాత్రమే ఉన్న జంటలూ ఉంటాయి, సెకండరీ క్లాసులు వచ్చి కూర్చునేది అక్కడే. ఆన్రీ జిలే, క్రిస్టోఫ్ సూలే ఈ సిద్ధాంతాన్ని అన్ని డైమెన్షన్లలో కట్టి 1990లో ప్రచురించారు.

ఖండన సంఖ్యకి గుణకాలు అకరణీయ సంఖ్యలు ఎందుకు? పూర్ణాంకాలు చాలవా?

ఫీల్డ్ మీద నున్నటి వెరైటీ అయితే సైకిళ్లను కదిలించి, సరిగ్గా ఖండించుకునేలా చేయొచ్చు. పూర్ణాంకాల మీద రెగ్యులర్ స్కీముకి ఆ కదిలించే సాధనం సాధారణంగా చేతిలో ఉండదు. జిలే, సూలే కే-సిద్ధాంతం, ఆడమ్స్ ఆపరేషన్ల ద్వారా వెళ్లారు. ఆ దారిలో హారాలు వస్తాయి. డివైజర్లతో ఖండించేటప్పుడు ఈ బెడద లేదు. చాలా ఉపయోగాలకు డివైజర్లే సరిపోతాయి కాబట్టి మొదట్లో దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ప్రొజెక్టివ్ లైన్ ఎత్తు 1/2 అంటారు, ఎలా వచ్చింది?

ఓ(1)కి ఫ్యూబినీ–స్టడీ మెట్రిక్ పెట్టి, మొదటి అరిథ్మెటిక్ చెర్న్ క్లాసుని దానితోనే ఖండించాలి. మొదటి కోఆర్డినేట్‌ని సెక్షన్‌గా తీసుకోండి. దాని సున్నా ఒకే ఒక్క పూర్ణాంక బిందువు. ఆ బిందువు దగ్గర రెండో కోఆర్డినేట్ పొడవు 1. కాబట్టి అక్కడి డిగ్రీ −లాగ్ 1, అంటే సున్నా. మిగిలింది అనంతం వైపు ముక్క: మొదటి కోఆర్డినేట్ పొడవు లాగ్‌కి మైనస్ పెట్టి, ఫ్యూబినీ–స్టడీ ఫారమ్ మీద ఇంటిగ్రేట్ చేయాలి. ఈ కొలత కింద పొడవు వర్గం 0 నుంచి 1 దాకా సమంగా పరుచుకుంటుంది. 0 నుంచి 1 దాకా లాగ్ ఇంటిగ్రల్ −1. దానికి మైనస్ సగం పెడితే 1/2.

ప్రధాన సంఖ్యల వైపు నుంచి ఏమీ రాలేదు, ఉన్నదంతా అనంతం నుంచే వచ్చింది. పెద్ద డైమెన్షన్లలో కూడా ప్రొజెక్టివ్ స్పేస్ ఎత్తు అకరణీయ సంఖ్యే. 1 + 1/2 + 1/3 లాంటి హార్మోనిక్ మొత్తాలను డైమెన్షన్ దాకా కూడి, సగం చేస్తే వస్తుంది.

అరిథ్మెటిక్ కే-గ్రూపులో సెకండరీ క్లాసు ఎక్కడ కనిపిస్తుంది?

నిర్వచనంలోనే. మామూలు కే-గ్రూపులో ఎగ్జాక్ట్ సీక్వెన్స్ ఉంటే చివరల మొత్తం మధ్యదానికి సమానం. అరిథ్మెటిక్ రూపంలో జనరేటర్లు మెట్రిక్ ఉన్న బండిళ్లు, వాటితో పాటు ఫారమ్‌లు. చివరల మొత్తానికీ మధ్యదానికీ తేడా సున్నా కాదు, ఆ సీక్వెన్స్ బాట్–చెర్న్ క్లాసు. అప్పుడే చెర్న్ క్యారెక్టర్ అరిథ్మెటిక్ చౌ గ్రూపులోకి సరిగ్గా దిగుతుంది. మెట్రిక్కుల మధ్య ఏ సంబంధమూ లేని సీక్వెన్సులు కూడా వాడుకోగలగడం ఈ ఏర్పాటు ఇచ్చే స్వేచ్ఛ.

## రీమాన్–రోఖ్ సిద్ధాంతం

అంకగణిత రీమాన్–రోఖ్ సిద్ధాంతం ఒక్క మాటలో ఏం చెబుతుంది?

రీమాన్ 1857లో, రోఖ్ 1865లో ఇచ్చిన ఫలితం కర్వ్ మీద సెక్షన్లను లెక్కపెట్టింది. హిర్జెబ్రుక్ దాన్ని 1954 నాటికి అన్ని డైమెన్షన్లకూ తెచ్చారు. గ్రోతెండీక్ 1957లో దాన్ని రెండు వెరైటీల మధ్య మ్యాప్ గురించిన వాక్యంగా మార్చారు: ముందు పుష్ చేసి చెర్న్ క్యారెక్టర్ తీసినా, ముందు చెర్న్ క్యారెక్టర్ తీసి టాడ్ క్లాసుతో (టాంజెంట్ బండిల్ నుంచి వచ్చే ఒక క్యారెక్టరిస్టిక్ క్లాసు) గుణించి తర్వాత పుష్ చేసినా ఒకటే.

అంకగణిత రూపంలో అదే వాక్యం, ఇప్పుడు అన్నిటికీ మెట్రిక్కులతో. పూర్ణాంకాల మీదికి పుష్ చేస్తే కోహోమాలజీ లాటిస్ అవుతుంది. డైమెన్షన్ స్థానంలో ఆ లాటిస్ ఘనపరిమాణపు లాగ్ వస్తుంది. కుడివైపు అరిథ్మెటిక్ ఖండన సంఖ్య ఉంటుంది. మామూలు రీమాన్–రోఖ్‌లో లేనివి రెండు ఇక్కడ తప్పవు: ఎడమవైపు అనలిటిక్ టార్షన్, కుడివైపు ఆర్-జీనస్ (టాడ్ క్లాసుకి దిద్దుబాటుగా వచ్చే శ్రేణి).

ఎల్2 మెట్రిక్ ఉండగా క్విలెన్ మెట్రిక్ ఎందుకు?

కోహోమాలజీ ఉన్నట్టుండి ఎగరడం వల్ల. ఎలిప్టిక్ కర్వ్ మీద డిగ్రీ 0 లైన్ బండిళ్లన్నిటినీ ఒక కుటుంబంగా చూడండి. ట్రివియల్ బండిల్‌కి తప్ప దేనికీ గ్లోబల్ సెక్షన్ లేదు. కోహోమాలజీ డిటర్మినెంట్ మాత్రం కుటుంబమంతటా చక్కటి లైన్ బండిల్. దాని మీద ఎల్2 మెట్రిక్ ట్రివియల్ బండిల్ దగ్గర విరిగిపోతుంది. అక్కడికి దగ్గరవుతున్నకొద్దీ లాప్లాసియన్ అతిచిన్న ఐగెన్‌వాల్యూ సున్నాకి వెళ్తుంది. సున్నా కాని ఐగెన్‌వాల్యూలన్నిటి ‘లబ్ధాన్ని’ జీటా ఫంక్షన్ ద్వారా క్రమబద్ధం చేసి ఎల్2 మెట్రిక్‌కి కలిపితే ఆ విరుపు సర్దుకుంటుంది. ఆ లబ్ధమే 1973లో రే, సింగర్ కాంప్లెక్స్ మ్యానిఫోల్డులకు ఇచ్చిన అనలిటిక్ టార్షన్. కలిపిన మెట్రిక్ 1985లో క్విలెన్ ఇచ్చింది. దాని కర్వేచర్ సరిగ్గా రీమాన్–రోఖ్ చెప్పే ఫారమే అని బిస్ముత్, జిలే, సూలే 1988లో చూపించారు.

ఆర్-జీనస్‌లో జీటా ఫంక్షన్ డెరివేటివ్ ఎక్కడి నుంచి ఊడిపడింది?

లెక్క చేయగా వచ్చింది. ఫార్ములా ఇలా ఉండాలని ఊహించి ప్రొజెక్టివ్ స్పేసుల మీద పరీక్షించాలంటే ఫ్యూబినీ–స్టడీ మెట్రిక్‌తో అనలిటిక్ టార్షన్ కావాలి. జిలే, సూలే, జాగియర్ ఆ లెక్క చేశారు, 1991లో అచ్చయింది. రెండు వైపులా సరిపోవాలంటే టాడ్ క్లాసుకి ఒక దిద్దుబాటు శ్రేణి తప్పలేదు. అందులో బేసి ఘాతాలే ఉంటాయి. బేసి సంఖ్య ‘ఎమ్’కి వచ్చే గుణకంలో −ఎమ్ దగ్గర జీటా డెరివేటివ్‌కి రెండు రెట్లు, దానితో పాటు −ఎమ్ దగ్గర జీటా విలువ గుణించు (1 + 1/2 + ... + 1/ఎమ్), మొత్తాన్ని ఎమ్ ఫాక్టోరియల్‌తో భాగించాలి. మొదటి గుణకంలో −1 దగ్గర జీటా విలువ −1/12 కాబట్టి అది ‘−1 దగ్గర జీటా డెరివేటివ్‌కి రెండు రెట్లు − 1/12’, సుమారు −0.414.

బిస్ముత్, లెబో ఇమర్షన్ల కింద క్విలెన్ మెట్రిక్ ఎలా మారుతుందో చూస్తూ వేరే దారిలో వెళ్తే వాళ్లకూ ఇదే శ్రేణి ఎదురైంది. పూర్తిగా వేరైన రెండు లెక్కలు ఒకే శ్రేణి దగ్గర కలవడం చూశాకే ఇది ఏదో సర్దుబాటు కాదని నాకు గట్టిగా అనిపించింది.

చివరికి ఎవరు, ఎప్పుడు నిరూపించారు?

సర్ఫేసులకు ఫాల్టింగ్స్ 1984లో రీమాన్–రోఖ్ ఇచ్చారు. డెలీన్ 1987లో కోహోమాలజీ డిటర్మినెంట్ భాషలో దాన్ని మరింత స్పష్టంగా రాశారు. అన్ని డైమెన్షన్లలో, మొదటి చెర్న్ క్లాసు మేరకు, జిలే, సూలే నిరూపణ 1992లో వచ్చింది. దాని వెనక 1991లో అచ్చయిన బిస్ముత్–లెబో ఇమర్షన్ ఫార్ములా ఉంది. ఫాల్టింగ్స్ కూడా 1992లో తన పద్ధతిలో ఒక నిరూపణ ఇచ్చారు. పై డిగ్రీలకు జిలే, రోస్లర్, సూలే 2008లో తెచ్చారు. అక్కడ సంఖ్యగా ఉన్న టార్షన్ చాలదు, బిస్ముత్, కోలర్ ఇచ్చిన టార్షన్ ఫారమ్‌లు కావాలి. వీటిలో మ్యాప్ జెనరిక్ ఫైబర్ మీద నున్నగా ఉండాలన్న షరతు ఉండేది. బర్గోస్, ఫ్రేషాస్, లిత్కాను టార్షన్‌ని సాధారణీకరించి 2014లో ఆ షరతును తీసేశారు.

చేత్తో లెక్కచేసి సరిచూసుకోవచ్చా?

ప్రొజెక్టివ్ లైన్ మీద తప్పకుండా చూసుకోవచ్చు, చూసుకోవాలి కూడా. ఓ(ఎన్) సెక్షన్లంటే రెండు చలరాశుల్లో ఎన్ డిగ్రీ సమఘాత బహుపదులు. ఏకపదులు పరస్పరం లంబాలు. ఐ, ఎన్ − ఐ ఘాతాలున్న ఏకపది ఎల్2 పొడవు వర్గం 1 బై [(ఎన్ + 1) × ద్విపద గుణకం]. ఇది బీటా ఇంటిగ్రల్. కాబట్టి ఈ లాటిస్ అరిథ్మెటిక్ డిగ్రీ, (ఎన్ + 1) × ద్విపద గుణకం అనే లబ్ధాల లాగ్‌లన్నిటినీ కూడి సగం చేస్తే వచ్చేది. ఎన్ = 1 పెట్టండి: సగం × 2 లాగ్ 2, అంటే లాగ్ 2.

ఎన్ పెద్దదైతే ద్విపద గుణకాల లాగ్‌ల మొత్తం సుమారు ఎన్ వర్గంలో సగం. అందులో సగం, ఎన్ వర్గం బై 4. సిద్ధాంతం చెప్పేది: ఎన్ వర్గం బై 2, గుణించు ఓ(1) స్వీయఖండన సంఖ్య. అది 1/2. రెండూ కలిశాయి. కాగితం మీద అరగంట పని. పుస్తకాల్లో పేజీలకు పేజీలు చదివినా రాని నమ్మకం ఈ లెక్కతో వస్తుంది.

## తర్వాతి మెట్టు

దీని వల్ల సంఖ్యా సిద్ధాంతానికి ఏం ఒరిగింది?

పెద్ద ఉపయోగం చిన్న సెక్షన్లు ఉన్నాయని చూపడం. ఖండన సంఖ్య ధనాత్మకమైతే రీమాన్–రోఖ్ ప్రకారం లాటిస్ ఘనపరిమాణం తగ్గుతుంది. అప్పుడు మింకోవ్‌స్కీ సిద్ధాంతం ‘పొడవు 1 కన్నా తక్కువ ఉన్న సెక్షన్ ఉంది’ అంటుంది. మోర్డెల్ ఊహకు (జీనస్ 2 లేదా అంతకన్నా ఎక్కువున్న కర్వ్ మీద అకరణీయ బిందువులు పరిమితమే అన్నది) వోయ్టా 1991లో ఇచ్చిన కొత్త నిరూపణ ఇలాంటి సెక్షన్ల మీదే నడిచింది. ఆ నిరూపణ నుంచి అరకెలోవ్ సిద్ధాంతాన్ని తీసేసి బొంబియెరి సులభమైన రూపం ఇచ్చారన్నది కూడా చెప్పాలి. అయినా దారి కనబడింది జ్యామితి వల్లే. చిన్న ఎత్తు ఉన్న బిందువులు సమంగా పరుచుకుంటాయన్న ఫలితం, దాని ద్వారా 1998లో ఉల్మో, జాంగ్ నిరూపించిన బోగోమోలోవ్ ఊహ కూడా ఈ తోటలోవే.

ఇంకో వైపు కాంప్లెక్స్ మల్టిప్లికేషన్ ఉన్న అబీలియన్ వెరైటీల ఎత్తులు. కోలర్, రోస్లర్ అంకగణిత రీమాన్–రోఖ్‌కి లెఫ్షెట్జ్ ఫిక్స్‌డ్ పాయింట్ రూపం ఇచ్చి, ఆ ఎత్తులకూ ఎల్-ఫంక్షన్ డెరివేటివ్‌లకూ ఉన్న సంబంధంలో కొంత భాగాన్ని బయటికి తీశారు. ఆర్-జీనస్‌లో ఉన్న జీటా డెరివేటివ్ ఇక్కడ పనికొచ్చింది.

ఇందులో మన దేశపు గణితజ్ఞుల పని ఏమైనా ఉందా?

ఉంది, అదీ పునాదిలో. ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన విజయ్ కుమార్ పటోడి 1971లో కేలర్ మ్యానిఫోల్డులకు హిర్జెబ్రుక్–రీమాన్–రోఖ్ సిద్ధాంతాన్ని హీట్ కెర్నెల్ ద్వారా నిరూపించారు. హీట్ కెర్నెల్‌లో పెద్ద పదాలన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, చివరికి కర్వేచర్ ఫారమే మిగులుతుందని ఆయన చూపించారు. కోహోమాలజీ స్థాయిలో కాకుండా నేరుగా ఫారమ్‌ల స్థాయిలో రీమాన్–రోఖ్ చూడటం ఇదే. బిస్ముత్ పనంతా ఈ దారిలోనే సాగింది. పటోడి 1976లో, 31 ఏళ్లకే పోయారు. అతియా, సింగర్‌లతో కలిసి ఆయన ఇచ్చిన ఈటా ఇన్వేరియంట్ కూడా సెకండరీ స్వభావం ఉన్నదే.

ఏ క్రమంలో చదివితే బాగుంటుంది?

మొదట పూర్ణాంకాల మీది హెర్మిషియన్ బండిళ్లు, మింకోవ్‌స్కీ సిద్ధాంతం. తర్వాత సర్ఫేసుల మీద అరకెలోవ్, ఫాల్టింగ్స్, డెలీన్ పని. ఆ తర్వాతే పై డైమెన్షన్ల గ్రీన్ కరెంట్లు, బాట్–చెర్న్ క్లాసులు. అనలిటిక్ టార్షన్ చివర్లో. నేరుగా పై డైమెన్షన్ల నుంచి మొదలుపెట్టినవాళ్లు కరెంట్ల దగ్గరే నెలలు గడిపి విసిగిపోవడం చూశాను. సర్ఫేసు మీద గ్రీన్ ఫంక్షన్ అంటే మామూలు ఫంక్షనే, చేత్తో పట్టుకుని చూడొచ్చు.

ఒక పేపర్‌లో 1/2 ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. నేను ఎక్కడ తప్పు చేస్తున్నాను?

బహుశా తప్పేమీ లేదు. కొందరు గ్రీన్ ఫంక్షన్‌ని పరమమూల్య వర్గపు లాగ్‌కి మైనస్‌గా తీసుకుంటారు, కొందరు వర్గం లేకుండా. మొదటి పద్ధతిలో డిగ్రీ లెక్కించేటప్పుడు ఇంటిగ్రల్ ముందు 1/2 పెట్టాలి, రెండోదాంట్లో అక్కర్లేదు. డీడీసీలో పై ఎక్కడ వస్తుందన్నదీ, బాట్–చెర్న్ సమీకరణంలో చివరల్లోంచి మధ్యదాన్ని తీసేస్తారా, మధ్యదాంట్లోంచి చివరలను తీసేస్తారా అన్నదీ పేపర్ పేపర్‌కీ మారుతుంది. టార్షన్ గుర్తు, ఎల్2 మెట్రిక్‌లో వాల్యూమ్ ఫారమ్‌ని దేనితో భాగించారన్నది కూడా అంతే. కొత్త పేపర్ తెరవగానే ముందు ఈ ఐదూ ఒక కాగితం మీద రాసుకుని, పూర్ణాంకాల మీది ప్రొజెక్టివ్ లైన్‌కి ఓ(1) స్వీయఖండన లెక్కించి చూడండి. ఫ్యూబినీ–స్టడీ మెట్రిక్‌తో అది 1/2 రావాలి. 1 వచ్చిందంటే ఎక్కడో వర్గం దగ్గర తేడా పడింది, −1/2 వచ్చిందంటే గుర్తు దగ్గర.